మాటలాడు పొగబండ్లు

తెలుగునాట రైలు వచ్చిన క్రొత్తలో జనులు దానికి పొగబండి యని పేరు పెట్టుకొనిరి. నేడు రైళ్లు విద్యుచ్ఛక్తితోను డీసెలు నూనెతోను నడుచుచున్నవి. ఆవిరితో నడుచు ఇంజనును చూచిన పిల్లలు బహు కొలదిమంది. అయినను పిల్లలు ఒకరి చొక్కా నొకరు పట్టుకొని, వరుసగా నిలిచి రైలాట ఆడునప్పుడు నోటితో చేయు 'చుక్ చుక్' ధ్వని ఆవిరి ఇంజనుదే. తాము కన్నులార చూడని యంత్రముయొక్క ఊపిరిని వారు తమ ఆటలో నిలుపుకొనుచున్నారు. ఆవిరి ఇంజనునకును బాలుర మనస్సునకును గల ఈ చుట్టరికమును గుర్తించి, దానిని కథలుగా వ్రాసినవారిలో ముఖ్యుడు ఇంగ్లండు దేశపు క్రైస్తవ మతాచార్యు డొకడు. ఆయన పేరు విల్బర్ట్ ఆడ్రీ.

ఆడ్రీ 1911వ సంవత్సరము జూన్ 15వ తేదీన హాంప్‌షైర్ మండలమందలి యాంప్‌ఫీల్డ్ గ్రామమున జన్మించెను. ఆయన తండ్రియు మతాచార్యుడే. రైళ్లనిన ఆ తండ్రికి మిక్కిలి మక్కువ. ఆ మక్కువ కుమారునకు వారసత్వముగా సంక్రమించెను. ఆడ్రీ బాల్యమందే ఆ కుటుంబము విల్ట్‌షైర్ మండలములోని బాక్స్ అను గ్రామమునకు తరలిపోయెను. అచట వారి యింటికి చేరువనే గ్రేట్ వెస్టర్న్ రైలుమార్గము కలదు. ఆ మార్గమున నొక పొడవైన సొరంగమును, దానికి పోవుదారిలో మిట్టయు నుండెను. బరువైన సరకుల బండి ఆ మిట్ట నెక్కవలసి వచ్చినప్పుడు, ముందొక ఇంజను లాగుచుండగా వెనుకనుండి మఱియొక ఇంజను నెట్టెడిది. రాత్రివేళ పడకపై పరుండి ఆ రెండింటి రొప్పులను, కూతలను వినుచున్న బాలునకు అవి మాటలాడుకొనుచున్నట్లు తోచెడిది. ముందటి ఇంజను తనవల్ల కాదని మొరపెట్టుకొనుచున్నట్లును, వెనుకటిది తప్పక కాగలదని ధైర్యము చెప్పుచున్నట్లును అతడు భావించెడివాడు.

ఇది బాలుని ఊహయే; కాని ఆధారము లేని ఊహ కాదు. ఆవిరి ఇంజను పనిచేయు విధము తెలిసినచో ఈ సంగతి బోధపడును. బొగ్గు మండుటవలన బాయిలరులోని నీరు ఆవిరి యగును. ఆ ఆవిరి సిలిండరులలో ప్రవేశించి పిస్టనులను ముందునకును వెనుకకును త్రోయును. ఆ కదలిక ఇనుప కడ్డీలద్వారా చక్రములకు చేరి వానిని త్రిప్పును. పని ముగించిన ఆవిరి పొగగొట్టము గుండ ఒక్క ఊపున వెలికి వచ్చును. మనము వినెడి 'చుక్' అను ధ్వని యిదియే. రెండు సిలిండరులు గల సామాన్యపు ఇంజను, దాని పెద్దచక్రము ఒకమాఱు తిరుగునంతలో నాలుగు మాఱులు ఇట్లు ఊపిరి విడుచును. వెలికి పోవు ఆవిరి తనతోకూడ పొగను ఈడ్చుకొనిపోవుటచే క్రొత్త గాలి నిప్పులోనికి చొచ్చుకొని వచ్చి మంటను పెంచును. కావున యంత్రము ఎంత శ్రమపడునో అంత బలముగా గాలి పీల్చును. మైదానమున దాని ఊపిరి తేలికగాను వడిగాను ఉండును. మిట్టమీద బరువుగాను మెల్లగాను ఉండును. అది బొగ్గు తినును, నీరు త్రాగును, పట్టాలు తడిసియున్నచో కాలు జారును. ఒకే నమూనాను బట్టి చేసిన రెండు ఇంజనులు సైతము ఒకే తీరున నడువవని వానిని నడిపినవారు చెప్పుదురు. ఇట్టి యంత్రమునకు బాలుడు ప్రాణ మున్నదని తలచుటలో వింత యేమున్నది?

ఆడ్రీ పెరిగి పెద్దవాడై 1936లో మతాచార్య పదవిని స్వీకరించెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆయన బర్మింగుహాము నగరప్రాంతములోని కింగ్స్ నార్టన్‌లో పనిచేయుచుండెను. అప్పుడు ఆయన కుమారుడు క్రిస్టఫర్‌నకు తట్టు సోకినది. మంచము దిగరాని పిల్లవానికి కాలక్షేపము కొఱకు తండ్రి ఇంజనుల కథలు చెప్పదొడగెను. పిల్లవాడు చెప్పిన కథనే మరల మరల చెప్పుమనెడివాడు. ఒక్క మాట మాఱినను ఒప్పుకొనెడివాడు కాడు. అందువలన తండ్రి ఆ కథలను కాగితముపై వ్రాసి పెట్టుకొనవలసి వచ్చెను. భార్య మార్గరెట్ ప్రోత్సాహముచే ఆయన వానిని ప్రచురణకర్తలకు పంపెను. 1945లో 'ది త్రీ రైల్వే ఇంజిన్స్' అను మొదటి చిన్న పుస్తకము వెలువడెను. కుమారుని కొఱకు ఆయన చీపురుకఱ్ఱ ముక్కతో ఒక బొమ్మ ఇంజనును కూడ చేసి యిచ్చెను. దానికి పెట్టిన పేరు థామస్. ఆ పేరుతోనే 1946లో రెండవ పుస్తకము వచ్చెను.

ఆడ్రీ కథలలో ఇంజనులు మాటలాడుట కల్పన. తక్కినదంతయు నిజమైన రైలుమార్గమున జరుగదగినదిగా ఉండవలెనని ఆయన పట్టుదల. మొదటి పుస్తకములో గోర్డన్ అను పెద్ద ఇంజనునకు గర్వము మెండు. సరకులబండి లాగుట తనకు చిన్నతనమని తలచును. ఒకనాడు అది సరకులబండితో మిట్టమీద నిలిచిపోగా, దానికన్న చిన్నదైన ఎడ్వర్డ్ అను ఇంజను వెనుకనుండి నెట్టి గట్టెక్కించును. బాక్స్ గ్రామములో బాలుడు రాత్రులయందు విన్న సంభాషణమే ఈ కథకు మూలమని పాఠకుడు సులభముగా గ్రహింపగలడు. హెన్రీ అను మఱియొక ఇంజను తఱచుగా నీరసపడుచుండును. దాని నిప్పుగది మిక్కిలి చిన్నదనియు, నాసిరకపు బొగ్గుతో చాలినంత వేడి పుట్టదనియు కారణము తెలియును. వేల్సు దేశపు మేలురకము బొగ్గు తెప్పించి వేసినంతనే అది బలము పుంజుకొనును. వైద్యుడు రోగమునకు పథ్యము చెప్పినట్లే యున్నది. కాని అది అక్షరాల యంత్రశాస్త్రమే.

ఈ నిజాయితీ వలన ఒక చిక్కు కలిగెను. పిల్లలు కథలను శ్రద్ధగా చదివి, ఏ ఊరికి ఏ దారి, ఏ స్టేషను ఎచట అని జాబులు వ్రాసి ప్రశ్నింపసాగిరి. వారికి సరియైన సమాధానము చెప్పుటకై ఆడ్రీ తన సోదరుడు జార్జితో కలసి ఒక ద్వీపమునే సృష్టించెను. ఇంగ్లండునకు పశ్చిమమున మాన్ అను ద్వీపము కలదు. అచటి బిషప్పును సోడర్-మాన్ బిషప్పు అందురు. మాన్ ద్వీపమున్నది కాని సోడర్ ద్వీప మెచటను లేదు. ఆ ఖాళీలో ఆడ్రీ తన సోడర్ ద్వీపమును నిలిపి, దానికి పటమును, చరిత్రను, రైలుమార్గములను కల్పించెను.

ఇంతలో నిజలోకమున ఆవిరి ఇంజనులకు కష్టకాలము దాపురించెను. 1955లో బ్రిటిషు రైల్వే సంస్థ ఆవిరికి బదులు డీసెలు, విద్యుత్తు ఇంజనులను ప్రవేశపెట్టుటకు ప్రణాళిక ప్రకటించెను. 1968 ఆగస్టు 11వ తేదీన అచటి ప్రధాన మార్గములపై ఆ సంస్థ నడిపిన ఆఖరి ఆవిరిబండి పరుగిడెను. వేలకొలది ఇంజనులను ముక్కలు చేసి పాత ఇనుముగా అమ్మివేసిరి. ఆ సంవత్సరమే వెలువడిన పుస్తకములో ఆలివర్ అను ఇంజను ప్రాణము దక్కించుకొనుటకై పరుగెత్తివచ్చి, బొగ్గు నిండుకొని దారిలో నిలిచిపోవును. డగ్లస్ అను ఇంజను దానిని కాపాడును. పిల్లల కథలో ఆడ్రీ మృత్యుభయమును దాచలేదు.

ఆయన కథలు వ్రాసి ఊరకుండలేదు. వేల్సులో టాలిలిన్ అను చిన్న రైలుమార్గము కలదు. దాని పట్టాల నడుమ వెడల్పు 2 అడుగుల 3 అంగుళములు మాత్రమే. పలకరాతిని మోయుటకు పందొమ్మిదవ శతాబ్దమున వేయబడిన ఆ మార్గము, 1950లో యజమాని మరణించుటతో మూతపడవలసిన స్థితికి వచ్చెను. అప్పుడు కొందఱు అభిమానులు సంఘముగా నేర్పడి 1951లో దానిని తామే నడుపసాగిరి. జీతము కోరని స్వచ్ఛందసేవకులు నడిపిన మొదటి రైలుమార్గము ప్రపంచమున అదియే. మరుసటి సంవత్సరమే ఆడ్రీ అచటికి పోయి గార్డుగా సేవచేసెను. అచటి అనుభవములే 1955 నాటి 'ఫోర్ లిటిల్ ఇంజిన్స్' అను పుస్తకమున కథలైనవి. అటులనే 1960లో తిరిగి నడువసాగిన బ్లూబెల్ రైలుమార్గమునందలి స్టెప్నీ అను నిజమైన ఇంజనును గూర్చి 1963లో ఆయన ఒక పుస్తకము వ్రాసెను.

ఆడ్రీ 1972 వఱకు 26 పుస్తకములు రచించెను. తట్టుతో మంచమెక్కి కథలు విన్న క్రిస్టఫరే పెద్దవాడై 1983నుండి ఆ పనిని కొనసాగించి, 2011 నాటికి మొత్తము 42 పుస్తకములు కావించెను. 1984లో ఆ కథలు టెలివిజనులో ప్రసారమై దేశదేశములకు ప్రాకెను. ఆడ్రీ 1997 మార్చి 21వ తేదీన స్వర్గస్థుడయ్యెను.

నేడు బ్రిటనులో పలు పాత రైలుమార్గములను అభిమానులు నడుపుచున్నారు. వారు సెలవు దినములలో వచ్చి బాయిలరులు కడిగి, పట్టాలు సరిచేసి, బొగ్గు వేయుచుందురు. అట్టి మార్గములు అనేకము థామస్ పేర ఉత్సవములు జరుపగా పిల్లలు గుంపులుగా వత్తురు. వారిచ్చు టిక్కెట్టు సొమ్ముతో నిజమైన ఇంజనులు మరమ్మతు లగుచుండును. చిన్ననాటి యిష్టమును పెద్దతనమున చాలమంది నవ్వి విడిచిపెట్టుదురు. ఆడ్రీ విడువలేదు. పడకపై విన్న చప్పుడును ఆయన కథగా మలచెను; ఆ చప్పుడు ఆగిపోవునట్లున్నప్పుడు గార్డు జెండా చేతబట్టెను. ఒక వస్తువుమీది ప్రేమ నిజమైనదో కాదో, దాని కొఱకు మనము చేయుటకు పూనుకొన్న పని వలననే తెలియును.