పాము విషంలో పుట్టిన కిడ్నీ మందు

బ్రెజిల్‌లో జరారాకా అనే పింజర జాతి పాము ఉంది. అది కాటేస్తే మనిషి బీపీ అమాంతం పడిపోతుంది. 1949లో మౌరిసియో రోషా ఇ సిల్వా బృందం ఆ విషాన్ని రక్తపు ప్లాస్మాలో కలిపి చూసింది. రక్తనాళాలను వదులు చేసే బ్రాడికినిన్ అలా బయటపడింది. ఆయన శిష్యుడు సెర్జియో ఫెరీరా 1965లో మరో సంగతి తేల్చాడు. బ్రాడికినిన్ బలాన్ని పెంచే పెప్టైడ్లు కూడా ఆ విషంలోనే ఉన్నాయి.

ఫెరీరా ఆ సరుకు పట్టుకుని లండన్‌లో జాన్ వేన్ ప్రయోగశాలకు వెళ్లాడు. ఆ పెప్టైడ్లు అడ్డుకునేది ఏసీఈ అనే ఎంజైమునని అక్కడ తెలిసింది. బ్రాడికినిన్‌ను ముక్కలు చేసేదీ, రక్తనాళాలను బిగించే యాంజియోటెన్సిన్-2ను తయారు చేసేదీ ఈ ఒక్క ఎంజైమే.

స్క్విబ్ కంపెనీ న్యూజెర్సీలో తొమ్మిది అమైనో ఆమ్లాల టెప్రోటైడ్‌ను తయారు చేసింది. ఇంజెక్షన్‌గా ఇస్తే బీపీ తగ్గేది. మింగితే జీర్ణమైపోయేది. బీపీ రోగికి జీవితాంతం సూది పొడవడం అయ్యే పని కాదు. 1974లో డేవిడ్ కుష్‌మన్, మిగెల్ ఒండెట్టి మరో ఎంజైము మీద వచ్చిన పరిశోధన పత్రం చదివారు. దాన్ని బట్టి ఏసీఈ నడిబొడ్డున జింక్ పరమాణువు ఉంటుందనీ, దాన్ని పట్టుకునే చిన్న అణువు ఉంటే చాలనీ ఊహించారు. గంధకం ఉన్న కొస తగిలించేసరికి మందు శక్తి ఎన్నో రెట్లు పెరిగింది. అదే కాప్టోప్రిల్. ఆ గంధకం వల్లే మాత్రకు కాస్త వాసన కూడా ఉంటుంది! 1981లో అమెరికాలో అనుమతి వచ్చింది.

తొలిరోజుల్లో డోసులు మరీ ఎక్కువ. ఒంటిమీద దద్దుర్లు, నాలుకకు రుచి పోవడం, కొందరికి మూత్రంలో ప్రోటీన్ పడడం. ఇలాంటి చెడ్డపేరుతో మొదలైన మందే తర్వాత ఆ ప్రోటీన్‌ను తగ్గించడానికి వాడుకలోకి రావడం విచిత్రమే.

ఎందుకు తగ్గిస్తుందో తెలియాలంటే కిడ్నీ లోపలికి వెళ్లాలి. ఒక్కో కిడ్నీలో దాదాపు పది లక్షల వడపోత గుత్తులుంటాయి. వాటిలోని సన్నని రక్తనాళాల మధ్య మెసాంజియల్ కణాలు కూర్చుని కొలాజెన్, ఫైబ్రోనెక్టిన్ వంటి ప్రోటీన్లతో మాట్రిక్స్ అనే ఆధారాన్ని అల్లుతుంటాయి. పాతబడినదాన్ని కరిగించేదీ ఆ కణాలే. కాలువలో పూడిక పడుతూనే ఉంటుంది, తీస్తూనే ఉండాలి. షుగరు జబ్బులో పూడిక పెరుగుతుంది, తీసే పని మందగిస్తుంది. అలా వడపోత దెబ్బతింటే ప్రోటీన్ మూత్రంలోకి జారుతుంది.

తీసే పని ఇలా సాగుతుంది. కణాలు విడుదల చేసే యాక్టివేటర్లు ప్లాస్మినోజెన్‌ను ప్లాస్మిన్‌గా మారుస్తాయి. ప్లాస్మిన్ మాట్రిక్స్‌ను కొంత కోస్తుంది, మాట్రిక్స్‌ను కరిగించే, నిద్రాణంగా ఉన్న ఎంఎంపీ ఎంజైములను లేపుతుంది. టీజీఎఫ్-బీటా అనే సంకేత అణువు వచ్చిందంటే ఈ వరుస మొదట్లోనే తెగుతుంది. అది పీఏఐ-1 అనే నిరోధకాన్ని పెంచి ప్లాస్మిన్ పుట్టకుండా చేస్తుంది. మరోవైపు కొత్త మాట్రిక్స్ అల్లమని కణాన్ని తొందరపెడుతుంది. 1990లో వేన్ బోర్డర్ బృందం కిడ్నీ వాపు ఉన్న ఎలుకలకు టీజీఎఫ్-బీటాను బంధించే యాంటీసీరం ఇస్తే మాట్రిక్స్ పేరుకోవడం తగ్గింది. 1994లో అదే బృందం ఎలుకల మెసాంజియల్ కణాలకు యాంజియోటెన్సిన్-2 అందిస్తే, అవి టీజీఎఫ్-బీటాను పుట్టించి దాని ద్వారానే మాట్రిక్స్ పెంచాయి. బీపీ మందుగా పుట్టి, ఏసీఈని అడ్డుకుని యాంజియోటెన్సిన్-2ను తగ్గించే కాప్టోప్రిల్‌కు కిడ్నీలో ఉన్న పని అప్పుడు ఇంకాస్త స్పష్టమైంది.

రోగుల మీద రుజువు అంతకు ముందే, 1993లో వచ్చింది. టైప్-1 షుగరుతో కిడ్నీ దెబ్బతిన్న 409 మందిలో కొందరికి రోజుకు మూడుసార్లు 25 మిల్లీగ్రాముల కాప్టోప్రిల్, మిగతావారికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. కిడ్నీ పని మందగిస్తే రక్తంలో పెరిగే క్రియాటినిన్ రెట్టింపైనవారు మందు వాడిన 207 మందిలో 25 మంది, వాడని 202 మందిలో 43 మంది. కాప్టోప్రిల్ బీపీ తగ్గించినందువల్లే ఇదంతా అని తేల్చేయడానికి లెక్కలు ఒప్పుకోలేదు.

అలాగని మాట్రిక్స్‌ను కరిగించే ఎంజైములు ఎంత పెరిగితే అంత మంచిదనుకోకూడదు. ఎంఎంపీలు శ్రుతి మించితే వడపోత పొరనే చించుతాయి. వాటిలోనూ జింక్ ఉంటుంది. అందుకే ప్రయోగశాలలో కాప్టోప్రిల్ వాటిలో రెండింటిని నేరుగా అడ్డుకుంది కూడా. ఇక టీజీఎఫ్-బీటానే సూటిగా పట్టుకునే యాంటీబాడీని షుగరు రోగుల కిడ్నీ జబ్బుకు పరీక్షిస్తే, ఫలితం లేక ట్రయల్‌ను మధ్యలోనే ఆపేశారు. చుట్టుదారి మందే ఇప్పటికీ నెగ్గుకొస్తోంది.

మన మందుల షాపుల్లో దొరికే ఎనలాప్రిల్, రామిప్రిల్ కాప్టోప్రిల్ తమ్ముళ్లే. వీటితో కొందరికి పొడిదగ్గు వస్తుంది, బ్రాడికినిన్ కరగకుండా ఉండిపోవడం దానికి ఒక కారణం. దగ్గు వచ్చిందని మాత్ర మానేయకండి, డాక్టరుకు చెబితే వేరే మందుకు మారుస్తారు. గర్భిణులు మాత్రం వీటిని వాడకూడదు. షుగరు ఉన్నవాళ్లు ఏడాదికోసారైనా మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి.