పాత గొంతు, కొత్త ఆల్బమ్, మన సన్నాయి

మా హాస్టల్‌లో ఎన్ని సెమిస్టర్లు గడిచినా తేలని గొడవ ఒకటుంది. డెబ్బై దాటిన రాక్ బ్యాండ్లు కొత్త ఆల్బమ్‌లు తీయాలా, వద్దా? నా రూమ్మేట్ ఎప్పుడో తీర్పు ఇచ్చేశాడు. "పాత హిట్లు వాయించుకుని డబ్బులు తీసుకోక, ఈ వయసులో కొత్తవెందుకురా వీళ్ళకి?" అంటాడు. రాక్ వినేవాళ్ళలో చాలామంది మాట ఇదే. కచేరీలో బ్యాండు "ఇప్పుడు మా కొత్త పాట" అనగానే జనం బాత్రూమ్‌కి లేస్తారని ఒక పాత జోకు కూడా ఉంది. రోలింగ్ స్టోన్స్ 2005 తర్వాత సొంత పాటలతో ఇంకో ఆల్బమ్ తీయడానికి 2023 దాకా ఆగారంటే, ఆ జోకు వాళ్ళ చెవిన కూడా పడి ఉంటుందని నా అనుమానం.

నాది అవతలి పార్టీ. ముసలి సంగీతకారుడి కొత్త రిలీజ్‌ని వినడానికి ఒక పద్ధతి ఉందని, అది తెలియకపోతే మనకు సగమే వినిపిస్తుందని నేననుకుంటాను. దీనికి సాక్షులు లండన్‌లో ఉన్నారు. రేపల్లె దగ్గర, ఒంగోలు దగ్గర కూడా ఉన్నారు. నాది ఒకటో తరగతి నుంచీ ఇంగ్లీష్ మీడియం కాబట్టి లండన్ వాళ్ళే నాకు ముందు తెలిశారు, మనవాళ్ళు తర్వాత తెలిశారు. ఇక్కడ మాత్రం కలిపే చెప్తాను.

ముందు గొంతు సంగతి. వయసు పెరిగేకొద్దీ స్వరపేటికలోని తంత్రులు బిగుసుకుంటాయి, వాటిని లాగి పట్టే కండరాలు పలచబడతాయి, ఊపిరితిత్తుల్లో పట్టే గాలి తగ్గుతుంది. అన్నిటికంటే ముందు పోయేది పై స్థాయి. గిటార్ తీగ తెగితే మార్చుకోవచ్చు, గొంతులో తంత్రికి స్పేర్ లేదు.

డీప్ పర్పుల్ గాయకుడు ఇయాన్ గిలన్ 1972 ఆగస్టులో జపాన్‌లో పాడిన కచేరీలు 'మేడ్ ఇన్ జపాన్' పేరుతో ఆల్బమ్‌గా వచ్చాయి. అందులో ఒకచోట రిచీ బ్లాక్‌మోర్ గిటార్‌తో ఏది వాయిస్తే గిలన్ గొంతుతో అదే అనేస్తుంటాడు. గిటార్ పైకెళ్తుంది, గొంతూ పైకెళ్తుంది. చివరికి గిటారే ఇక చాల్లే అన్నట్టు ఆగి, గొంతు ఒక్కటీ అరుస్తుంది. అప్పటికి అతనికి ఇరవై ఏడు నిండలేదు.

అదే ఆట అంతకు పదేళ్ళ ముందే మన రేపల్లె దగ్గరి పల్లపట్లలో పుట్టిన అమ్మాయి ఆడింది. 1962లో వచ్చిన తమిళ సినిమా 'కొంజుం సలంగై'లో ఎస్. జానకి పాడుతుంటే కారుకురిచ్చి అరుణాచలం నాదస్వరం వాయించారు. తెలుగులో ఆ సినిమా 'మురిపించే మువ్వలు'గా వచ్చింది, 'నీ లీల పాడెద దేవా' ఆ పాటే. నాదస్వరం ఎంత గట్టిదంటే పెళ్ళి పందిట్లో పక్కనున్నవాడి మాట వినపడదు. అలాంటి వాయిద్యంతో స్వరానికి స్వరం పోటీగా వెళ్ళిన జానకికి అప్పటికి ఇరవై నాలుగు కూడా నిండలేదు. మా అమ్మమ్మ తరానికి ఇది భక్తి పాట. నాకు మాత్రం గిటార్ సోలోకి ఎదురెళ్ళిన వోకల్స్‌లా వినిపిస్తుంది. ఇద్దరం కరెక్టే అనుకుంటున్నా.

ఇప్పుడు ఈ ఇద్దరి చివరి లెక్క చూడండి. 1938లో పుట్టిన జానకి 2016లో, డెబ్బై ఎనిమిదేళ్ళకి, ఒక మలయాళ సినిమాకి జోలపాట పాడి ఇక చాలు అని ప్రకటించారు. 1945లో పుట్టిన గిలన్ 2024 జూలైలో, అదే డెబ్బై ఎనిమిదేళ్ళకి, డీప్ పర్పుల్ ఇరవై మూడో స్టూడియో ఆల్బమ్ 'ఈక్వల్స్ వన్' పాడాడు. ఒకే వయసులో ఒకరు ఆపారు, ఒకరు రిలీజ్ చేశారు. నా ఉద్దేశంలో ఇద్దరూ తమ గొంతుతో నిజాయితీగానే ఉన్నారు. 2013లో పద్మభూషణ్ ఇస్తే ఆలస్యమైందని తిరగ్గొట్టిన మనిషి జానకి. ఎప్పుడు చాలో ఎవరూ చెప్పకుండానే ఆవిడకి తెలుసు. గిలన్ కూడా ఆ పాత అరుపుల 'చైల్డ్ ఇన్ టైమ్'ని స్టేజి మీద పాడటం ఎప్పుడో మానేశాడు. కొత్త ఆల్బమ్‌లో ఎక్కడా ఇరవై ఏడేళ్ళవాడిలా నటించడు. కింది స్థాయిలో, మాటల విరుపు మీద, కొంచెం వెటకారం మీద పాట నడిపిస్తాడు. "అరుపు లేదు కాబట్టి చెత్త" అని రివ్యూ రాసేవాళ్ళు లేనిదాన్ని వెతుకుతున్నారు. ఉన్నదాన్ని వినట్లేదు.

ఉన్నదాన్ని వినడం అంటే ఏంటో చెప్పడానికి టోనీ అయోమీ కంటే మంచి ఉదాహరణ లేదు. బర్మింగ్‌హామ్‌లో ఒక ఫ్యాక్టరీలో పదిహేడేళ్ళ వయసులో మెషిన్ కింద పడి అతని కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం, అంటే తీగలు నొక్కే చెయ్యే అది. వేళ్ళకి ప్లాస్టిక్ తొడుగులు చేసుకున్నాడు. పల్చటి తీగలు వేసుకున్నాడు. తర్వాత తీగల బిగువు వదులు చేశాడు. బ్లాక్ సబాత్ 1971 ఆల్బమ్ 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ'లో చాలా పాటలకి గిటార్ శ్రుతి మూడు మెట్లు కిందికి దించాడు. తీగ వదులైతే నొక్కడం తేలిక, శ్రుతి కిందికి దిగితే శబ్దం బరువు. ఇవాళ మనం హెవీ అనుకునే సౌండ్‌లో చాలా భాగం ఆ దెబ్బ తగిలిన చేతిలోంచి వచ్చిందే.

ఇక్కడే నాకు సన్నాయి గుర్తొచ్చింది. మా వైపు సన్నాయి అంటే నాదస్వరమే. పాతకాలంలో వాడింది పొట్టి నాదస్వరం, శ్రుతి బాగా పైన. దాన్ని తిమిరి అంటారు. తంజావూరు వైపు టి.ఎన్. రాజరత్నం పిళ్ళై అంతకంటే పొడుగైన, కింది శ్రుతి వాయిద్యాన్ని చేపట్టి దానికే పేరు తెచ్చారు. దాన్ని బారి అంటారు. గొట్టం పొడుగైతే శ్రుతి దిగుతుంది, శబ్దానికి గాంభీర్యం వస్తుంది. ఆయన పోయింది 1956లో. అంటే మెటల్‌వాళ్ళు డౌన్‌ట్యూనింగ్ అని గొప్పగా చెప్పుకునే పని తంజావూరులో అంతకు ముందే అయిపోయింది.

ఇంకో పోలిక కూడా ఉంది, ఇది మన బ్రాంచివాళ్ళకి బాగా ఎక్కుతుంది. యాంప్‌లో గిటార్ సిగ్నల్‌ని పట్టనంత పెంచితే తరంగం నెత్తి తెగుతుంది. నున్నటి సైన్ వేవ్ కాస్తా స్క్వేర్ వేవ్ వైపు జరుగుతుంది, అసలు స్వరం మీద కొత్త హార్మోనిక్స్ బోలెడు పుడతాయి. డిస్టార్షన్ అంటే అదే. నాదస్వరానికి కరెంటు అక్కర్లేదు. నోట్లో పెట్టుకునే పీకకి రెండు రేకులుంటాయి. ఊదినప్పుడు అవి టపటపా తెరుచుకుని మూసుకుంటాయి. ఆ మూసుకోవడం ఒక్కసారిగా జరుగుతుంది కాబట్టి గాలి నున్నగా కాకుండా దెబ్బలు దెబ్బలుగా లోపలికి వెళ్తుంది. పై నుంచి కిందికి వెడల్పవుతూ పోయే గొట్టం ఆ హార్మోనిక్స్‌ని మోసుకుపోతుంది. ఒక రికార్డింగ్ తీసుకుని పైథాన్‌లో స్పెక్ట్రమ్ గీసి చూశాను. వేణువుకి నాలుగైదు గీతలు పైకి లేస్తే, నాదస్వరానికి దువ్వెన పళ్ళలా వరసగా లేచాయి. ల్యాబ్‌లో నా పక్కనున్నవాడు గిటార్ అనుకున్నాడు.

ఇప్పుడు అసలు సాక్షి. విజయవాడ నుంచి రైల్లో వస్తే ఒంగోలు ముందు కరవది అని ఒక చిన్న స్టేషన్ వస్తుంది. ఎక్స్‌ప్రెస్‌లు ఆగవు. 1924లో ఆ ఊళ్ళో పుట్టారు షేక్ చినమౌలానా. తరతరాలుగా గుళ్ళలో నాదస్వరం వాయించే ముస్లిం కుటుంబం వాళ్ళది. ఇంట్లో తండ్రి దగ్గర, తర్వాత చిలకలూరిపేటలో షేక్ ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నారు. మన పల్నాడు, గుంటూరు, ఒంగోలు ప్రాంతాల నాదస్వరానికి చిలకలూరిపేట అంటే అప్పట్లో పెద్ద బడి. ఆ విద్య చేతిలో ఉంటే చాలు, పెళ్ళిళ్ళకీ, గుళ్ళకీ జీవితాంతం లోటు లేదు.

ఆయన అక్కడితో ఆగలేదు. రాజరత్నం పిళ్ళై వాదన మీద మనసు పడి, ఆ తంజావూరు బాణీ కోసం నాచ్చియార్‌కోయిల్ సోదరులు రాజం, దురైకణ్ణుల దగ్గర మళ్ళీ శిష్యుడిగా చేరారు. భాష వేరు, బాణీ వేరు, ఊపిరి పట్టే లెక్క వేరు. తర్వాత శ్రీరంగంలో స్థిరపడ్డారు, రంగనాథుడి భక్తుడిగా అక్కడే ఉండిపోయారు, నాదస్వరం నేర్పడానికి ఒక ఆశ్రమం పెట్టారు. 1977లో పద్మశ్రీ వచ్చింది. మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది 1998లో, డెబ్బై నాలుగేళ్ళకి. తర్వాతి ఏప్రిల్‌లో పోయారు. ఆయన దగ్గర నేర్చుకున్న షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మనవళ్ళు కాశిం, బాబు ఆ బాణీనే వాయిస్తున్నారు. ఏసీ డీసీ బ్యాండులో మాల్కం యంగ్ జబ్బుపడితే అన్న కొడుకు స్టీవీ వచ్చి గిటార్ అందుకున్నాడు. 2020లో వచ్చిన 'పవర్ అప్'లో పాటలన్నిటికీ, అప్పటికే చనిపోయిన మాల్కం పేరు కూడా వేశారు. ఇది చదివి నేను ఆశ్చర్యపోలేదు. మన మేళాల్లో ఎప్పుడూ జరిగేది అదే.

చినమౌలానా వాయించిన కీర్తనల్లో ఎక్కువ భాగం ఆయన పుట్టకముందే ఉన్నవి. త్యాగరాజు పోయింది 1847లో. అంటే రాక్ భాషలో చెప్తే, ఈయన జీవితాంతం వాయించింది కవర్లే. అయినా ఏ కచేరీకీ "పాతవేనా?" అని ఎవరూ లేచి వెళ్ళలేదు. ఎందుకంటే అక్కడ కొత్తదనం పాటలో ఉండదు, పాటకి ముందు వచ్చే ఆలాపనలో ఉంటుంది. ఆ రోజు ఆ ఊపిరితో ఆ రాగంలో ఎంత దూరం వెళ్ళారన్నది రిలీజ్. నాదస్వరానికి ఏడు వేలి రంధ్రాలే, మీటలేమీ లేవు. గమకం మొత్తం వేలు సగం తీయడంలో, ఊపిరి బిగువులో ఉంటుంది. కాబట్టి ఒంట్లో ఏం మారినా రాగంలో వెంటనే తెలుస్తుంది. దాచడానికి స్టూడియో లేదు.

ఇది సిద్ధాంతం కాదు, చూశాను కూడా. పోయిన మాఘమాసంలో పర్చూరు వైపు మా చుట్టాల పెళ్ళికి వెళ్తే మేళంలో ఒక పెద్దాయన ఉన్నాడు. డెబ్బై దాటి ఉంటాయి. ముహూర్తాలున్న నెలల్లో సన్నాయి, మూఢం వస్తే పత్తికీ మిరపకోతకీ. సాయంత్రం ఎదురుకోళ్ళలో ఆయన్ని అందరూ అడిగింది సినిమా పాటలే, అది కూడా డీజే బాక్సులు ఆగిన రెండు నిమిషాల్లో. లగ్నం తెల్లవారుజామున మూడింటికి. రెండింటికల్లా డీజే కుర్రాళ్ళు నిద్రపోయారు, చుట్టాలు కుర్చీల్లోనే పడుకున్నారు. అప్పుడు ఆయన తనంతట తాను ఒక రాగం ఎత్తుకున్నాడు. పైకి వెళ్ళలేదు. కింద కిందనే, ఒక్కో స్వరం దగ్గర ఆగి, తిప్పి, మళ్ళీ వచ్చి. నాకు 'ఈక్వల్స్ వన్'లో గిలన్ గుర్తొచ్చాడంటే నవ్వుతారు గానీ, నిజంగా వచ్చాడు.

తర్వాత టీ ఇచ్చి, "ఏం రాగం తాతా?" అని అడిగాను.

"మోహన అబ్బాయ్. పళ్ళు పోయినకాడ్నుంచి పీక మీద పట్టు దొరకట్లా. పైకి పోలేకపోతన్నా. కిందే తిరుగుతుంటే, ఇక్కడ ఇంత ఉందా అనిపిస్తంది. వయసులో ఉన్నప్పుడు చూళ్ళా ఇయ్యన్నీ."

అయోమీ ఇంటర్వ్యూలు బోలెడు చదివాను. ఈ రెండు ముక్కలు మాత్రం వాటిలో ఎక్కడా దొరకలేదు.

నా ఫోన్‌లో ఆ రాగం పంతొమ్మిది నిమిషాలు ఉంది. వెనక జనరేటర్ మోత, మధ్యలో ఎవరిదో చంటిపిల్ల ఏడుపు. యాభై ఏళ్ళుగా వాయిస్తున్న మనిషికి ఉన్న రికార్డింగ్ బహుశా అదొక్కటే. జాగర్‌కైతే పాత ఆల్బమ్‌తో కొత్తది పోల్చి తిట్టడానికైనా జనం ఉన్నారు. ఈయన ముప్పై ఏళ్ళప్పుడు మోహన ఎలా వాయించాడో ఇప్పుడు ఎవరమూ వినలేం. పోల్చడానికే లేదు. ఇది నన్ను చాలా ఇబ్బంది పెడుతోంది. మన క్లబ్బులో వేసవి సెలవలకి ఊళ్ళు వెళ్ళేవాళ్ళు సగం మంది చిలకలూరిపేట, పర్చూరు, అద్దంకి, ఒంగోలు వైపు వాళ్ళే. పెళ్ళికి వెళ్తే రాత్రి రెండింటికి లేచి ఉండండి. ఫోన్ మేళానికి మరీ దగ్గరగా పెట్టకండి, శబ్దానికి మైకు క్లిప్ అయిపోతుంది. పది అడుగుల దూరం చాలు. ముందు ఆయన్ని అడిగి, పేరు, ఊరు, గురువు ఎవరో కూడా రికార్డింగ్‌లోనే చెప్పించండి.

ఈలోపు వినాలనుకుంటే నేను చెప్పే వరస ఇది: ముందు జానకి 1962 పాట, వెంటనే 'మేడ్ ఇన్ జపాన్', తర్వాత ఒక రోజు గ్యాప్ ఇచ్చి 'ఈక్వల్స్ వన్', ఆ తర్వాత చినమౌలానా ఆలాపన ఏదైనా ఒకటి, కీర్తన మొదలయ్యేదాకా స్కిప్ చేయకుండా. ఇయర్‌ఫోన్స్‌లో అయితే నాదస్వరానికి వాల్యూమ్ సగానికి తగ్గించుకోండి.