కుందూ నడిమి ఊళ్ళు

అక్కలారా, నంద్యాల నుంచి మైదుకూరు దిక్కుకు ఎప్పుడైనా బస్సులో పోయినారా? ఎడమపక్క నల్లమల, కుడిపక్క దూరంగా ఎర్రమల. నడుమ నల్లరేగడి పళ్ళెంలా పరుచుకొని ఉంటుంది. ఆ రేగడిలో పారేదే కుందేరు. మనం కుందూ అంటాము. ఓర్వకల్లు దిక్కున ఎర్రమలలో పుట్టి, కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. ఎండాకాలం చూస్తే ఇదొక ఏరా అనిపిస్తుంది గానీ, 2019 సెప్టెంబరులో ఎన్ని ఊళ్ళకు దోవలు తెంచిందో ఆ ఒడ్డువాళ్ళను అడగండి.

ఈ లోయ ఊళ్ళు ఒక్కో తీరు. ఎర్రమల దిక్కు బేతంచర్లలో నాపరాయి బతుకుతెరువు. బనగానపల్లె 1948 దాకా నవాబుల సంస్థానం. దాని పేరు మామిడిపండుకు కూడా వచ్చింది. నంద్యాలలో 1906 నుంచి వ్యవసాయ పరిశోధన క్షేత్రం ఉంది. సూర్యనంది కొర్ర అక్కడిదే. ఇక ప్రొద్దుటూరు ఉండేది పెన్న ఒడ్డునే అయినా, పెండ్లి కుదిరితే బంగారానికీ బట్టలకూ ఈ ఊళ్ళవాళ్ళు పోయేది అక్కడికే.

ఈ ఊళ్ళకు నీళ్ళు తెచ్చిన కె.సి. కాలువ సంగతి వింటే మీకు వింతగా ఉంటుంది. 1860 తర్వాత ఒక ఇంగ్లీషు కంపెనీ సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కర్నూలు నుంచి కడపకు కాలువ తవ్వించింది. పడవలు కూడా నడిపింది. తీరా చూస్తే, రేగడి రైతులు చాలామంది నీళ్ళు వద్దన్నారు! తెలివిలేక కాదమ్మా. రేగడి చెమ్మను పట్టి ఉంచుతుంది. జొన్నకూ పత్తికీ పదునైన వానలు పడితే చాలు, నీళ్ళు నిలిస్తే పైరు పాడు. పైగా నీటితీరువ ఒకటి. 1876-78 కరువులో మాత్రం ఆ నీళ్ళ కోసమే ఎదురుచూసినారు. కంపెనీకి లాభం రాలేదు. 1882లో ప్రభుత్వమే కాలువను కొనింది.

మా జేజి కాలంలో వరిబువ్వ పండగకే. మిగతా దినాల్లో జొన్నసంగటి, కొర్రబువ్వ. కాలువ కింద వరి పెరిగినాక పొయ్యి మీద ఎసరే మారింది. వద్దన్న నీళ్ళకే ఇప్పుడు వంతులు, వాదులాటలు. పైవాళ్ళ మళ్ళు నిండినాక గదా కిందికి వచ్చేది. మా చిన్నత్తవాళ్ళది కడప దిక్కు, ఆఖరు ఆయకట్టు. ఆమె ఫోను చేస్తే ముందు అడిగేది "మీకాడ కాలువ పారుతోందా?" అనే. మేము బాగున్నామా అనేది ఆ తర్వాతే.