తోకచుక్క, మకరదేవత, మన విమర్శ

మన సాహిత్య చరిత్రలు తిరగేస్తే నవలకొక అధ్యాయం, కథానికకొక అధ్యాయం, వచన కవితకొక అధ్యాయం కనిపిస్తాయి. సముద్ర జీవుల గురించి, నక్షత్రాల గురించి తెలుగువాడు తోటి తెలుగువాడికి ముచ్చటపడి చెప్పిన రాతలకు మాత్రం చోటుండదు. ఉంటే గింటే ‘బాలసాహిత్యం’ అనే శీర్షిక కింద నాలుగు పంక్తులు. ఇక చందమామ సీరియళ్ళకు, జానపద చిత్రాలకు మన విమర్శ కేటాయించిన గది వేరు. దాని గుమ్మం మీద ‘పలాయనవాదం’ అని ఏనాడో రాసిపెట్టారు. ఆ రాత చెరిపి చూసినవారు తక్కువ.

ఇవాళ మన విద్యార్థి చేతిలోని ఫోనులో తిమింగలం, రాకెట్టు, సినిమా పాట ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయి. వాడికి ఇవి మూడు వేరువేరు శాఖలు కావు. నచ్చింది పక్కవాడికి చూపించడమే వాడికి తెలుసు. ‘కాలక్షేపం’ అని మనం కసురుకుంటున్నాం. అయితే ఈ మూడింటి కలయిక ఫోనుతో పుట్టలేదు. తెలుగులో దీనికి నూరేళ్ళు దాటిన చరిత్ర ఉంది. ఆ చరిత్రలో మన అభ్యుదయ సాహిత్యానికి పెద్ద వాటానే ఉంది. దాన్ని గుర్తించకపోతే, చూపించే పని యావత్తూ వ్యాపారి చేతిలోకి పోతుంది; ఇప్పటికే చాలావరకు పోయింది.

గురజాడతో మొదలుపెట్టాలి. 1910లో హేలీ తోకచుక్క వచ్చింది. ఆ మే నెలలో భూమి దాని తోకలోంచి సాగుతుందని, తోకలో విషవాయువు ఉన్నదని తెలిసి, ఐరోపా, అమెరికా నగరాల్లో సైతం జనం బెంబేలెత్తారు. కనుక తోకచుక్క భయం మన పంచాంగాల సొత్తు మాత్రమే అనుకోనక్కరలేదు. ఆ సంవత్సరమే ‘ముత్యాల సరములు’ వచ్చింది. మనం క్లాసులో ఛందస్సు చెబుతాం, సహపంక్తి భోజనం చెబుతాం, సంఘ సంస్కరణ చెబుతాం. ఆ కవితలో మొగుడు పెళ్ళానికి ఖగోళశాస్త్రం చెబుతున్నాడన్న సంగతి మాత్రం జారవిడుస్తాం. ఆమె అరిష్టమన్నదాన్ని అతను భూమికి దూరపు చుట్టంగా చూపిస్తాడు. ఆపైన సంస్కరణోద్యమానికి జెండాగా నిలబెడతాడు. చుట్టమన్న మాట వట్టి అలంకారం కాదు. తోకచుక్కా భూమిలాగే సూర్యుడి చుట్టూ తిరిగేదే. దాని దారి బాగా సాగిన దీర్ఘవృత్తం కావడం వల్ల సుమారు 76 ఏళ్ళకొకసారి మన వైపు వచ్చిపోతుంది. ఎడ్మండ్ హేలీ ఈ లెక్క కట్టి, 1758లో మళ్ళీ వస్తుందని ముందే చెప్పాడు. చెప్పినట్టే ఆ ఏడాది చివర అది కనబడింది, అప్పటికి ఆయన లేడు. ఎన్నేళ్ళకో ఒకసారి గుమ్మంలోకి వచ్చి పలకరించి వెళ్ళే బంధువు మనందరి ఇళ్ళల్లోనూ ఉంటాడు. గురజాడ శాస్త్ర విషయాన్ని తేలిక చెయ్యలేదు, ఇంటిభాషలోకి తెచ్చాడు. ఈ భేదం మన పాఠ్యపుస్తక రచయితలకు ఇప్పటికీ పట్టుబడలేదు.

ఇక చందమామ. 1947 జులైలో మొదలైన ఆ పత్రికను 1952 నుంచి 1980లో కన్నుమూసేవరకు నడిపించింది కొడవటిగంటి కుటుంబరావు. ఆయన బనారసులో భౌతికశాస్త్రం చదివినవాడు, సినిమా విమర్శ రాసినవాడు, సైన్సు వ్యాసాలు రాసినవాడు, విప్లవ రచయితల సంఘంలో ఉన్నవాడు. ఈ నాలుగు పనులూ చేస్తూనే నెలనెలా పిల్లలకు రాక్షసుల కథలు సరిదిద్ది అచ్చుకిచ్చాడు. మన విమర్శకులు కుటుంబరావు నవలలను ఒక పక్కకు, చందమామను మరో పక్కకు నెట్టి, మొదటిదాన్నే ‘అసలు కొ.కు.’ అంటారు. ఆయన మటుకు అలా విడదీసుకున్నట్టు కనబడదు. అదే కార్యాలయంలో దాసరి సుబ్రహ్మణ్యం 1954లో ‘తోకచుక్క’, మరుసటేడు ‘మకరదేవత’ ధారావాహికలు రాశారు. పేర్లు చూడండి: ఒకటి ఆకాశం, రెండోది నీరు. వాటిలో మాంత్రికులున్నారు, నిజమే. కానీ ఆ కథల్లో నాయకుడు గండం గడిచేది దైవానుగ్రహంతో కంటే యుక్తితోనూ తెగింపుతోనూ, పక్కనున్న స్నేహితుడి సాయంతోనూ. ఆ సీరియళ్ళు చదివి మూఢులైన తరం నాకెక్కడా కనబడలేదు. ఆ తరమే 1957 అక్టోబరు 4న స్పుత్నిక్ ఎగిరిందంటే మేడెక్కి ఆకాశం వెతికింది.

అదే 1957లో, స్పుత్నిక్‌కు ఆరు నెలల ముందు, మార్చి 27న ‘మాయాబజార్’ విడుదలైంది. అందులో ప్రియదర్శిని పెట్టె ఉంది. మూత తెరిస్తే ఎవరికి ఏది ప్రియమో అది కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు, రేవతికి నగలు, కృష్ణుడికి శకుని. ఇవాళ ఫోనులో మొహం చూసి మాట్లాడుకునే ప్రతివాడికీ ఆ పెట్టె గుర్తొస్తుంది. ఇంతవరకు ముచ్చటే. ‘చూశారా, మహాభారత కాలంలోనే ఇది మనకుంది’ అనే పెద్దమనుషులతోనే చిక్కు. శశిరేఖా పరిణయం వ్యాసభారతంలో లేదు. అది జనం అల్లుకున్న కథ, సురభివారు ఊరూరా ఆడిన నాటకం. పెట్టె రూపు కట్టినవారు పింగళి నాగేంద్రరావు, కె.వి. రెడ్డి, దాన్ని నమ్మించినవాడు కెమెరా పట్టిన మార్కస్ బార్‌ట్లే. స్టూడియో కప్పు కింద వెన్నెల కురిపించిన ఆ మనిషి పనితనమే నిజమైన అద్భుతం. వడ్రంగులు, లైట్లు మోసినవాళ్ళు, రసాయనాల్లో ఫిల్ము కడిగినవాళ్ళు, వీళ్ళందరి శ్రమనూ తీసుకుపోయి ఏ ఋషి ఖాతాలోనో జమ కట్టడం విజ్ఞానానికీ ద్రోహం, కళకూ ద్రోహం. జనప్రియ కళను ప్రేమించేవాడు ముందు అడగవలసిన ప్రశ్న ‘దీన్ని ఎట్లా చేశారు?’ అన్నది. ఆ ప్రశ్నే పిల్లవాణ్ణి తెర దగ్గరనుంచి కటకం దగ్గరకు, కటకం దగ్గరనుంచి కాంతి దగ్గరకు తీసుకుపోతుంది. ఈమధ్య ఒకే దర్శకుడు, సంకల్ప్ రెడ్డి, 2017లో ‘ఘాజీ’ పేరుతో జలాంతర్గామి కథా, 2018లో ‘అంతరిక్షం’ పేరుతో వ్యోమగామి కథా తీశాడు. వాటి మంచి చెడ్డలు వేరే చర్చ. తెలుగు ప్రేక్షకుడు నీటి అడుగుకూ నింగి పైకీ టిక్కెట్టు కొని వెళ్ళాడన్నది మాత్రం గమనించాలి.

జనప్రియత విషయాన్ని ఎట్లా పలచన చేస్తుందో చూడాలంటే జూల్ వెర్న్ దగ్గరకు పోవాలి. సముద్రగర్భం నవల 1870లో పూర్తిగా వచ్చింది. అందులోని కెప్టెన్ నెమో సింహళం దగ్గర ముత్యాలకు మునిగే ఒక పేద భారతీయుణ్ణి సొరచేప నుంచి కాపాడి, ముత్యాల సంచి ఇచ్చి పంపుతాడు. ఎందుకని అడిగితే, ఆ మనిషి అణగదొక్కబడిన దేశంవాడు, తానూ ఆ దేశంవాణ్ణే అన్న అర్థం వచ్చే మాట అంటాడు. 1875 నాటి ‘రహస్య ద్వీపం’లో గుట్టు విప్పాడు వెర్న్: నెమో బుందేల్‌ఖండ్ రాకుమారుడు డక్కర్. 1857 తిరుగుబాటులో పోరాడి, కుటుంబాన్నీ రాజ్యాన్నీ పోగొట్టుకుని సముద్రం కిందికి దిగినవాడు. 1954లో డిస్నీ కంపెనీ తీసిన చిత్రంలో పెద్ద ఆక్టోపస్సులాంటి జంతువు మిగిలింది, భారతదేశం మాత్రం మాయమైంది. నవల చదివినవాడికి సముద్రమూ దొరుకుతుంది, నెమో కోపానికి కారణమూ దొరుకుతుంది. సినిమా ఒక్కటే చూసినవాడికి సముద్రమే దక్కుతుంది. అయినా ఆ సినిమాను తగలబెట్టమని అనను. చూసినవాడి చేతికి నవల అందించడం ఉపాధ్యాయుడు చెయ్యగల పని.

మన సీమకు వద్దాం. ముంగండ అనగానే పండిత జగన్నాథరాయల పేరు చెబుతారు. ఆ ఊరివాడే మహీధర నళినీమోహన్. తండ్రి మహీధర జగన్మోహనరావు రచయిత, ‘కొల్లాయి గట్టితేనేమి?’ రాసిన రామమోహనరావుది ఆ కుటుంబమే. నళినీమోహన్ మాస్కోలో చదివి, ఢిల్లీలో జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేస్తూ తెలుగులో పుస్తకాలు రాశాడు. ‘క్యాలెండర్ కథ’, ‘పిడుగు దేవర కథ’. ఈ పేర్లలో ‘కథ’ ఊరికే పడలేదు. క్యాలెండరు గురించి చెప్పాలంటే భూమి సూర్యుడి చుట్టూ తిరిగే కాలం పూర్తి రోజుల్లో తెగదని, 365 రోజుల మీద పావురోజుకు కాస్త తక్కువ మిగులుతుందని చెప్పాలి. దీన్ని సూత్రంగా చెబితే పిల్లవాడు ఆవులిస్తాడు. ఆ పావురోజుతో వేగలేక రాజులు, పోపులు ఏమేం తంటాలు పడ్డారో, 1582లో పది రోజులు క్యాలెండరులోంచి ఎట్లా ఎగిరిపోయాయో కథగా చెబితే, వాడే ‘ఆ పది రోజులకు అద్దె కట్టారా మాస్టారూ?’ అని అడుగుతాడు. ఇక ‘పిడుగు దేవర’ అన్న పేరులో ఎంత చమత్కారం ఉందో! దేవరను పీఠం మీదనుంచి దింపడానికి దేవర కథ అనే రూపాన్నే వాడుకున్నాడు. వస్తువు కొత్తది, శిల్పం మన అరుగుల మీదది. విమర్శకులు రూపం, సారం అంటూ పేజీలు నింపే చర్చకు ఇంతకన్న మంచి ఉదాహరణ ఏముంది?

ఈ రూపాన్ని ఇంకా ముందుకు తీసుకుపోవచ్చు. మా కపిలేశ్వరపురంలో సర్వారాయ హరికథా పాఠశాల ఉంది. చుట్టుపక్కలవారికి చిడతల చప్పుడు కొత్త కాదు. హరికథలో వస్తువు పురాణమే కావచ్చు, అది మన చర్చ కాదు. కథ నడుమ ఆగి, పిట్టకథ చెప్పి, నవ్వించి, మళ్ళీ అందుకునే సౌలభ్యం ఆ కళలో ఉంది. బుర్రకథలో ఇంకొక అడుగు ఉంది. కథకుడికి ఒక పక్కన హాస్యం చెప్పేవాడు, ఇంకో పక్కన రాజకీయం చెప్పేవాడు నిలబడి అడ్డుప్రశ్నలు వేస్తారు. నాజరు దళం బెంగాల్ కరువును బుర్రకథగా చెప్పి జనాన్ని ఏడిపించింది, ఆలోచింపజేసింది. ప్రశ్న అడిగేవాణ్ణి వేదిక మీదే నిలబెట్టిన ఇలాంటి కళారూపం చేతిలో ఉండగా, సైన్సు చెప్పడానికి మనం ఇంగ్లీషు పాఠానికి కుంటి అనువాదాలు వెతుక్కోవడం విచిత్రం.

దశావతారాల కథలో మత్స్యం, కూర్మం ఎటూ వస్తాయి. ‘ఇదే పరిణామ సిద్ధాంతం, డార్విన్ మన దగ్గర నేర్చుకున్నాడు’ అని చెప్పేవాళ్ళు కొందరు. చేప తాబేలు కావడానికి వరుస ఉన్నంతమాత్రాన అది పరిణామం కాదు. ఎందుకు మారింది, ఎట్లా మారింది అన్న దానికి అక్కడ జవాబు లేదు. ఆ గొప్పలు మానేసి, కూర్మం పేరు రాగానే మన తీరానికొచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు పిట్టకథ చెప్పవచ్చు. చలికాలం చివర రాత్రివేళ ఒడ్డెక్కి, వెనక కాళ్ళతో మూరెడు గొయ్యి తవ్వి, నూరు గుడ్ల దాకా పెట్టి, ఇసుక కప్పి వెనుతిరిగి చూడకుండా పోతుంది. సుమారు ఏడు వారాల్లో పిల్లలు బయటికొస్తాయి. పుట్టేది ఆడో మగో తేల్చేది ఇసుక వేడి. వేడి పెరిగితే ఆడవి ఎక్కువ. ఊపిరికి పైకి రావలసిన ప్రాణి కనుక, ట్రాలు వలలో చిక్కి ఎక్కువసేపు అడుగున ఉండిపోతే చచ్చిపోతుంది. కూర్మావతారానికి హారతి ఇచ్చే ఊళ్ళ ఒడ్డునే ఆ కళేబరాలు కొట్టుకొస్తాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త. సముద్రం మీద ముచ్చట ఒడ్డున నిలబడినవాడికి వేరు, పడవలో ఉన్నవాడికి వేరు. 1996 నవంబరు 6 నాటి తుపాను చూసిన కోనసీమలో కడలి అందాన్ని గూర్చి కవిత చదివేవాడు గొంతు కాస్త తగ్గించుకోవాలి. తాబేలు కోసం కన్నీరు పెట్టి, జాలరిని దోషిని చేసి చేతులు దులుపుకునే సున్నితత్వమూ మనకు అక్కర్లేదు. పెద్ద ట్రాలరు పెట్టుబడి ఎవరిదో, నాటు పడవవాడి బతుకేమిటో చెప్పని సముద్ర ప్రేమ సగం ప్రేమే. వేట నిషేధం ఉన్న ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఆ ఇళ్ళల్లో పొయ్యి ఎట్లా వెలుగుతుందో కూడా ఆ కథలో భాగం కావాలి.

భాష విషయంలోనూ జాలరి దగ్గరకే పోవాలి. పాఠ్యపుస్తకంలో ‘మత్స్యములు’ అని ఒక్క మాటతో సరిపెట్టినచోట అతని నోట వంజరం, చందువ, కానాగంత, పండుగప్ప, మాగ, సొర, టేకు, నెత్తళ్ళు పలుకుతాయి. ఒకే చేపకు సముద్రంలో విలస అని, గోదావరి ఎర్రనీటికి ఎదురెక్కాక పులస అని రెండు పేర్లు పెట్టాడు. గుడ్లు పెట్టడానికి ఉప్పునీరు విడిచి మంచినీటికి వచ్చే వలస అది. మా గౌతమి పాయ వెంట వచ్చి ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఆగిపోవలసి ఉంటుంది. 1852లో ఆ కట్ట పూర్తికాకముందు దానికి పై దారి తెరిచే ఉండేది. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత అందరికీ వచ్చు. చేపకు పేరు మారడం వెనక దాని బతుకుమార్పు ఉందని అడిగితే, లంకల్లోని పదేళ్ళ పిల్లవాడు చెబుతాడు, పట్నపు పట్టభద్రుడు తడుముకుంటాడు.

మా బళ్ళో తొమ్మిదో తరగతివాళ్ళు ఈ ఏడు చీటీల మీద చేపల పేర్లు రాస్తున్నారు: పేరు, ఎవరు చెప్పారు, ఏ ఊళ్ళో, ఏ నెలలో పడుతుంది. వాటి పక్కనే, ఎవరూ చెప్పకుండానే, తమకు నచ్చిన సినిమా వేషగాడి పేరు ఒక్కో చేపకు తగిలించారు. మీసాలున్న జెల్లకు దక్కిన పేరు ఇక్కడ రాయడం భావ్యం కాదు. ‘కవ్వళ్ళు’ దగ్గర తగువొచ్చింది. ఏటి ఒడ్డు పిల్లవాడు ఒక చేప చూపిస్తే, సముద్రపు ఒడ్డున అమ్మమ్మగారిల్లున్న పిల్ల అది కాదంటుంది. రెండు చీటీలూ పక్కపక్కనే అంటించాం.