గ్రామఫోన్ రికార్డుల సేకరణ

గ్రామఫోన్ రికార్డుల సేకరణ అనగా రికార్డులను వెదకి సంపాదించి, భద్రపరచి, వినే అభిరుచి. తెలుగువారు వీటిని వాడుకలో ప్లేట్లు అనేవారు. నిమిషానికి 78 సార్లు తిరిగే పాత రికార్డులను లక్కలో రాతిపొడి కలిపి చేసేవారు. కింద పడితే పగిలేవి. 10 అంగుళాల రికార్డులో ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాల గానమే పట్టేది. 1948లో అమెరికాలో కొలంబియా సంస్థ వినైల్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఎల్.పి. రికార్డును ప్రవేశపెట్టింది. ఇది నిమిషానికి 33⅓ సార్లు తిరుగుతుంది. ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా వినవచ్చును.

వినైల్ ధ్వని సీడీ కంటే శ్రేష్ఠమని అభిమానులు అంటారు. కొలతల ప్రకారం గరగర తక్కువగా ఉండేది సీడీలోనే. అసలు ఆకర్షణ వినే తీరులో ఉన్నది. ముల్లును గాడిపై మెల్లగా దించాలి, ఒక వైపు ముగియగానే లేచి తిప్పి వేయాలి. పాటలను దాటవేయడం సులభం కాదు కనుక శ్రోత వరుసగా, శ్రద్ధగా వింటాడు. అమెరికాలో 2022లో సీడీల కంటే వినైల్ రికార్డులే సంఖ్యలో ఎక్కువగా అమ్ముడయ్యాయి. 1987 తరువాత ఇది మొదటిసారి.

తెలుగువారికి ఈ సేకరణ వలన మరో ప్రయోజనం ఉన్నది. రంగస్థల పద్యాలు, పాత సినిమా పాటలు ఎన్నో 78 రికార్డులపై వెలువడ్డాయి. వాటిలో తిరిగి విడుదల కానివి అనేకం. అటువంటి పాటకు సేకర్త వద్దనున్న ప్లేటే ఆధారం. అయితే విన్నకొద్దీ గాడి అరుగుతుంది. పాత గ్రామఫోన్లలో ఉక్కు ముల్లును తరచుగా మార్చవలసి వచ్చింది ఇందుకే. అరిగిన ముల్లు గాడిని చెక్కివేస్తుంది. ఎల్.పి. ముల్లు 78 గాడికి మరీ సన్నము, కనుక వెడల్పైన ముల్లు వేరుగా వాడాలి. అరుదైన రికార్డును దానితో ఒకసారి వినిపించి, కంప్యూటరులోకి ఎక్కించి, ఆపై నిలువుగా అమర్చి దాచడం మేలు.