స్థిరాస్తి క్రయవిక్రయాలు: ఒప్పంద పదాల అర్థాలు, వాటి పరిమితులు

(ప్రత్యేక వ్యాసం)

బిట్రగుంట: బయానా చేతులు మారిన రోజునే భూమి అమ్ముడుపోయిందని చెప్పుకోవడం గ్రామాలలో పరిపాటి. చట్టం దృష్టిలో ఆ రోజు జరిగినది అమ్మకం కాదు. అమ్ముతాననే వాగ్దానం మాత్రమే. ఈ రెండింటి మధ్య గల భేదాన్ని గుర్తించకపోవడం వల్ల కొనుగోలుదారులు నష్టపోవడం, వార్తలలో తప్పుడు పదాలు చోటు చేసుకోవడం, కార్యాలయాలకు అనవసర వివాదాలు చేరడం జరుగుతున్నది. శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా బోగోలు మండలంలోని బిట్రగుంట ఒకప్పుడు ఆవిరి ఇంజన్ల షెడ్డుకు పేరొందిన రైల్వే పట్టణం. ఇటువంటి ప్రాంతంలో ప్రైవేటు పట్టా భూములకు పక్కనే రైల్వే, దేవాదాయ, ప్రభుత్వ భూములు ఉంటాయి కనుక ఈ పదాల అర్థం తెలిసి ఉండటం మరింత అవసరం.

విక్రయ ఒప్పందం

భారత ఒప్పంద చట్టం, 1872 ప్రకారం ఒక ఒప్పందం చెల్లుబాటు కావాలంటే ప్రతిపాదన, దానికి అంగీకారం, న్యాయసమ్మతమైన ప్రతిఫలం, స్వేచ్ఛాపూర్వక సమ్మతి ఉండాలి. ఉభయ పక్షాలు 18 సంవత్సరాలు నిండినవారై, స్థిరచిత్తులై ఉండాలి. భూమి విషయంలో సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు, ధర, చెల్లింపు గడువు స్పష్టంగా పేర్కొనవలసి ఉంటుంది.

అయితే ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 54వ సెక్షన్ ప్రకారం విక్రయ ఒప్పందం దానంతట అదే ఆస్తిపై ఏ హక్కునూ కల్పించదు. 100 రూపాయలు, అంతకు మించిన విలువ గల స్థిరాస్తి యాజమాన్యం రిజిస్టరు చేసిన విక్రయ దస్తావేజు ద్వారానే బదిలీ అవుతుంది. దస్తావేజుపై సంతకం చేసిన తేదీ నుంచి 4 నెలలలోగా దానిని రిజిస్ట్రేషనుకు దాఖలు చేయాలి.

ఉదాహరణకు బిట్రగుంటలో ఒక వ్యక్తి 10 లక్షల రూపాయల స్థలానికి 2 లక్షలు చెల్లించి, రిజిస్టరు కాని అగ్రిమెంటు రాయించుకున్నాడనుకుందాం. విక్రేత అదే స్థలాన్ని మరొకరికి రిజిస్టరు దస్తావేజు ద్వారా విక్రయించి, ఆ రెండవ కొనుగోలుదారుకు మొదటి ఒప్పందం సంగతి తెలియకపోతే, మొదటి వ్యక్తి ఆ స్థలాన్ని పొందడం కష్టసాధ్యం. ఆయనకు మిగిలేది సొమ్ము కోసం దావా మాత్రమే. అదే ఒప్పందం రిజిస్టరు అయి ఉంటే అది అందరికీ తెలిసినట్లుగానే చట్టం భావిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1999 నాటి రాష్ట్ర సవరణ ద్వారా విక్రయ ఒప్పందాలను కూడా తప్పనిసరిగా రిజిస్టరు చేయవలసిన పత్రాల జాబితాలో చేర్చడమైనది.

అగ్రిమెంటుతో పాటే స్వాధీనం కూడా తీసుకున్నవారికి ఆస్తి బదిలీ చట్టం 53-ఎ సెక్షన్ కొంత రక్షణ కల్పిస్తున్నది. 2001 సెప్టెంబరు 24 తరువాత వ్రాసిన ఒప్పందాలు రిజిస్టరు అయి ఉంటేనే ఆ రక్షణ వర్తిస్తుంది.

బయానా, అడ్వాన్సు

ఈ రెండు పదాలను ఒకే అర్థంలో వాడటం వాడుకగా మారినప్పటికీ చట్టపరంగా భేదం ఉన్నది. బయానా అనేది మాట నిలబెట్టుకుంటాననే హామీగా ఇచ్చే సొమ్ము. కొనుగోలుదారు తన తప్పిదం వల్ల వెనుకకు తగ్గితే, ఒప్పందంలో ఆ షరతు స్పష్టంగా ఉన్న పక్షంలో, విక్రేత దానిని నిలుపుకోవచ్చునని, ధరలో భాగంగా మాత్రమే చెల్లించిన అడ్వాన్సుకు ఇది వర్తించదని సుప్రీంకోర్టు 2012లో స్పష్టం చేసింది. కనుక చెల్లించిన మొత్తం ఏ పద్దు కింద ఇచ్చినదో ఒప్పందంలో రాయించుకోవడం ఉభయులకూ శ్రేయస్కరం. కొనుగోలుదారు తప్పు లేకుండా వ్యవహారం ఆగిపోతే, చెల్లించిన సొమ్ము మేరకు ఆ ఆస్తిపై ఆయనకు 55వ సెక్షన్ కింద భారం ఏర్పడుతుంది.

స్థిరాస్తి బదిలీ నిమిత్తం 20,000 రూపాయలు, అంతకు మించిన మొత్తాన్ని నగదుగా స్వీకరించడాన్ని ఆదాయపు పన్ను చట్టం 2015 జూన్ 1 నుంచి నిషేధించింది. రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, 2016 పరిధిలోకి వచ్చే లేఅవుట్లు, అపార్ట్‌మెంట్లలో ఒప్పందాన్ని రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతానికి మించి వసూలు చేయరాదు.

నిర్దిష్ట అమలు

విక్రేత దస్తావేజు రాసి ఇవ్వడానికి నిరాకరిస్తే, రాసి ఇవ్వవలసినదిగా ఆదేశించాలని న్యాయస్థానాన్ని కోరడమే నిర్దిష్ట అమలు దావా. తాను మిగిలిన సొమ్ము చెల్లించడానికి మొదటి నుంచీ సిద్ధంగా, సుముఖంగా ఉన్నట్లు కొనుగోలుదారు నిరూపించుకోవాలి. ఒప్పందంలోని గడువు తేదీ నుంచి, గడువు లేని పక్షంలో నిరాకరణ తెలిసిన నాటి నుంచి, 3 సంవత్సరాలలోగా దావా వేయాలి. గడువు ముగియవస్తున్నప్పుడు నోటి హామీలను నమ్మి కాలయాపన చేయడం నష్టదాయకం.

జీపీఏ

జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ అంటే ఒకరి తరఫున వ్యవహరించే అధికారం మాత్రమే. జీపీఏ, అగ్రిమెంటు, వీలునామాల ద్వారా జరిపే లావాదేవీలు యాజమాన్యాన్ని బదిలీ చేయజాలవని సుప్రీంకోర్టు 2011 అక్టోబరు 11న తీర్పు ఇచ్చింది.

విక్రేతకు ఉన్న హక్కే కొనుగోలుదారుకు

రిజిస్టరు దస్తావేజు సైతం విక్రేతకు లేని హక్కును సృష్టించలేదు. రైల్వే స్థలంలో ఎంతకాలం నివసించినప్పటికీ ఆ స్థలాన్ని విక్రయించే హక్కు నివాసికి ఉండదు. దేవాదాయ భూముల విక్రయానికి 1987 నాటి దేవాదాయ చట్టం ప్రకారం ముందస్తు అనుమతి తప్పనిసరి. పేదలకు కేటాయించిన డి-పట్టా భూముల బదిలీని 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం నిషేధించింది. 2023లో దానికి సవరణ జరిగినందున, సదరు భూమి ప్రస్తుత స్థితిని తహసీల్దారు నుంచి లిఖితపూర్వకంగా తెలుసుకోవడం మంచిది. జువ్వలదిన్నె వంటి తీర గ్రామాలలో కోస్తా నియంత్రణ మండలి నిబంధనలు నిర్మాణాలకు వర్తిస్తాయి.

ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కుమార్తెల వాటాను విస్మరించరాదు. రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి అవివాహిత కుమార్తెలకు, దేశవ్యాప్తంగా 2005 సెప్టెంబరు 9 నుంచి కుమార్తెలందరికీ చట్టం సమాన హక్కు కల్పించింది. వారి సంతకం లేని దస్తావేజుపై వాటా దావా వచ్చే అవకాశం ఉన్నది.

పత్రాలు చెప్పేవి, చెప్పనివి

ఈసీ రిజిస్టరు అయిన లావాదేవీలను మాత్రమే చూపుతుంది. రిజిస్టరు కాని అగ్రిమెంట్లు, నోటి పంపకాలు అందులో కనిపించవు. అడంగల్, 1-బి, పట్టాదారు పాసుపుస్తకం రెవెన్యూ రికార్డులు. పేరు మార్పిడి జరిగినంత మాత్రాన యాజమాన్యం సిద్ధించదు. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ సెక్షన్ కింద నిషేధిత జాబితాలోని ఆస్తులకు సబ్ రిజిస్ట్రారు రిజిస్ట్రేషన్ నిరాకరిస్తారు. అయితే జాబితాలో లేకపోవడం హక్కుకు ధృవీకరణ కాదు. విక్రేత యాజమాన్యాన్ని నిర్ణయించే అధికారం రిజిస్టరింగ్ అధికారికి లేదని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో పేర్కొన్నది. కనుక లింకు డాక్యుమెంట్లను పరిశీలించి, సర్వేయరు ద్వారా హద్దులు కొలిపించుకునే బాధ్యత కొనుగోలుదారుదే.

పాత్రికేయులు, అధికారులు గమనించవలసినది

భూ వివాదంపై వార్త రాసేటప్పుడు "అమ్మారు", "అమ్మడానికి ఒప్పుకున్నారు" అనే మాటలను వేర్వేరుగా వాడవలసి ఉంటుంది. ఏ పత్రం, ఏ తేదీన, రిజిస్టరు అయినదా లేదా అనే మూడు వివరాలు పాఠకులకు వాస్తవ స్థితిని తెలియజేస్తాయి. అర్జీలు స్వీకరించే అధికారులు సైతం అర్జీదారు చేతిలోని పత్రం స్వభావాన్ని ఆరంభంలోనే వివరించి, సివిల్ న్యాయస్థానానికి వెళ్లవలసిన విషయమైతే గడువు సంగతి తెలియజేయడం మేలు. జీవితకాలపు పొదుపును ఒక్క స్థలంపై వెచ్చించే సామాన్య కుటుంబానికి, సంతకం చేసే ముందు అందిన సరైన సమాచారం తరువాత సంవత్సరాల తరబడి నడిచే దావా కంటే ఎంతో విలువైనది.