నిద్రకు ముందు పసుపు పాలు

నిజామాబాద్ పసుపు, బోధన్ ప్రాంతపు చెరకు బెల్లం మా ఇంట రాత్రివేళ ఒకే గ్లాసులో కలిసెడివి. బోధన్ చక్కెర కర్మాగారం 2015లో మూతపడినను ఈ అలవాటు నిలిచినది.

గ్లాసు పాలలో పావు చెంచా పసుపు, చిటికెడు మిరియాల పొడి వేసి సన్నని సెగపై ఐదు నిమిషాలు కాచవలెను. మిరియాలు పసుపులోని సారం ఒంటబట్టుటకు తోడ్పడును. బెల్లం, పాలు దించిన పిమ్మటనే కలపవలెను, లేనిచో విరిగిపోవును.

నాకు మధుమేహం వచ్చినపుడు, బెల్లం హాని చేయదనుకొని మానలేదు. రక్తపరీక్షలో చక్కెర పెరిగిన పిదపనే అదియు చక్కెర వంటిదేనని గ్రహించితిని. నేడు తీపి లేకయే, దీపం తగ్గించి, నిదానంగా త్రాగుచున్నాను. మనసు కుదుటపడి నిద్ర వచ్చుచున్నది.

మధుమేహం గలవారు బెల్లం మానవలెను. రక్తం పలుచబరచు మందులు వాడువారు ముందుగా వైద్యుని సంప్రదించవలెను.